స్టెప్నీ ఛాసీ కిందా, పక్కనా, క్యాబిన్ వెనకా? పాత పికప్‌కి ఏది మేలు

మా పికప్‌కి స్టెప్నీ ఎక్కడ బిగించాలనే దాని మీద ఇంట్లో మూడు నెలలు పంచాయితీ నడిచిందంటే నమ్మరు. బండి 1992 మోడల్ మహీంద్రా, జీపు ముక్కు, ప్యూజో డీజిల్ ఇంజిను, వెనకాల తొట్టి. నాన్న దాంట్లో గుంటూరు యార్డుకి మిర్చి తోలేవాడు, ఇప్పుడు ఆదివారం మంగళగిరి దాకా వెళ్ళి రావడం, వేసవిలో బావ వాళ్ళ తోట నుంచి మామిడికాయలు తేవడం, అంతే దాని ఉద్యోగం. కింద ఉన్న పాత క్యారియర్ 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో పోయింది. బెజవాడ సింగ్‌నగర్‌లో బండి రోజుల తరబడి నీళ్ళలోనే ఉండిపోయింది, నీళ్ళు తీశాక చూస్తే చైను, కప్పీ అంతా తుప్పు పట్టి ఒకటే ముద్ద, ఆటోనగర్‌లో మేస్త్రి గ్యాస్ కటింగ్ పెట్టి కోస్తే గానీ టైరు కింద పడలా.

సరే, కొత్తగా ఎక్కడ బిగిద్దాం అంటే నాన్న ఛాసీ కిందే అంటాడు, బావ పక్కన అంటాడు, నేను క్యాబిన్ వెనక అన్నా.

ముందు నాన్న మాట. ఛాసీ కింద ఉంటే తొట్టి మొత్తం ఖాళీ, ఒక్క టిక్కీ (మిర్చి బస్తా) స్థలం కూడా పోదు. మిర్చి టిక్కీ ఒక్కోటి నలభై కిలోల పైమాటే, ఇరవై టిక్కీలేసుకుని పోతుంటే పంచరైందనుకోండి, స్టెప్నీ తొట్టిలో అడుగున ఉంటే అర్ధరాత్రి రోడ్డు మీద ఎన్ని దింపాలో లెక్కేసుకోండి. ఈ ఒక్క పాయింటుకి నాన్నకి ఎదురు చెప్పలేం. కానీ ఆయనే చెప్పిన కథ ఇంకోటుంది. పెదకాకాని దగ్గర లోడు మీద వెనక టైరు పేలింది, బండి వెనక భాగం అటుపక్కకి కుంగిపోయింది, ఇప్పుడు స్టెప్నీ దించితే దానికీ రోడ్డుకీ మధ్య సందు లేదు, టైరు బయటికి రాదు. జాకీ వేసి ఎత్తితేనే వస్తుంది, ఎత్తితే జాకీ మీదున్న బండి కిందకి మనిషి దూరాలి. ఆ పని మాత్రం ఎవరూ చెయ్యకూడదు, ఆయన చక్రాలకి రాళ్ళు పెట్టి చేశాడు, ఆ రోజు ఏమీ కాలేదు కాబట్టి ఇప్పుడు గొప్పగా చెప్తాడు.

ఇంకోటి, కింద ఉన్న టైరుని ఎవడూ చూడడు. బురద, పేడ, ఉప్పునీళ్ళు అన్నీ దానికే. గాలి ఉందో లేదో అవసరం పడ్డప్పుడే తెలుస్తుంది. కిందే పెట్టుకునేవాళ్ళు వాల్వ్ కిందివైపు వచ్చేలా బిగించుకోండి, పంచర్ షాపు కుర్రాడు దించకుండానే గాలి కొడతాడు. సైలెన్సర్‌కి దూరంగా ఉండాలి. చైనుకి ఏడాదికి రెండుసార్లన్నా గ్రీజు పెట్టాలి, మేం పెట్టలేదు, పెట్టి ఉంటే గ్యాస్ కటింగ్ దాకా వచ్చేది కాదేమో.

బావది అంతా షోకు. అమెరికా పాత షెవర్లే, ఫోర్డ్ పికప్‌ల ఫొటోలు చూపించి, చూడు బావా, వెనక మడ్‌గార్డ్‌కి పక్కన టైరు ఎంత బాగుందో అంటాడు. బాగానే ఉంది, కాదన్లా. కానీ 6.00-16 టైరు, ఇనప రిమ్మూ కలిపితే పాతిక కిలోల దాకా ఉంటుంది, ముప్పై ఏళ్ళ పాత రేకు మీద అంత బరువు రోజూ ఊగుతుంటే బోల్టు రంధ్రం చుట్టూ పగుళ్ళొస్తాయి, పగుల్లోకి నీళ్ళు, ఆ తర్వాత తుప్పు. పక్కనే పెట్టాలంటే బ్రాకెట్ ఛాసీ నుంచి రావాలి, రేకు లోపల దళసరి ప్లేటు వెయ్యాలి. అదీ ఎడమ పక్కకే, కుడి పక్కన పెడితే హైవే మీద లారీలు రాసుకుంటూ పోతుంటే మనం రోడ్డు వైపు నిలబడి విప్పాలి. మాకు అసలు ఇబ్బంది వన్‌టౌన్‌లో, కాళేశ్వరరావు మార్కెట్ సందుల్లో మామూలుగానే బండి పట్టదు, పక్కకి ఇంకో జానెడు పొడుచుకొస్తే రోజుకో బైకు అద్దం ఊడుతుంది. ఇంకోటి, విల్లీస్ కాలం నాటి జీపుల్లో ఎడమ చక్రాల స్టడ్లకి (చక్రం నట్లు ఎక్కే బోల్టులకి) ఎడమ మర ఉండేది, అంటే నట్టు ఎడమకి తిప్పితే బిగుసుకుంటుంది. అలాంటి పాత హబ్బు స్టడ్లు తెచ్చి బ్రాకెట్‌కి వెల్డ్ చేసేవాళ్ళు మర ఎటో చూసుకోండి, లేకపోతే వదులు చేస్తున్నాం అనుకుని బిగిస్తూ కూర్చుంటారు.

వెనక డోరుకి బిగించడం గురించి ఎక్కువ మాట్లాడను. పికప్ డోరు కిందకి పడేది, ఆ కీళ్ళు టైరు మోసేందుకు చేసినవి కావు, పైగా నంబర్ ప్లేటు కనపడకపోతే ఫైను. క్యాబిన్ పైన అంటారా, పాతిక కిలోలు తల మీదకి ఎత్తి దించే ఓపిక ఉంటే మీ ఇష్టం.

ఇక నా పద్ధతి, తొట్టిలో క్యాబిన్ గోడకి ఆనించి నిలబెట్టడం. మూడు టిక్కీల స్థలం పోతుంది, ఒప్పుకుంటా. టైరు ఎత్తు దాదాపు 28 అంగుళాలు, మధ్యలో పెడితే వెనక అద్దం సగం మూసుకుపోతుంది కాబట్టి ఎడమ మూలకి నెట్టాం. మేస్త్రి అడుగున ఎల్ యాంగిల్‌తో చిన్న తొట్టెలా చేసి లోపల పాత ట్యూబు ముక్క పరిచాడు, రిమ్ము మధ్య రంధ్రంలోంచి మరలున్న రాడ్డు, దాని మీద అడ్డంగా ప్లేటు, రెక్కల నట్టు, చివర తాళం. యాంగిల్‌ని రేకుకి కాకుండా కింద క్రాస్ మెంబర్‌కి, అంటే ఛాసీకి అడ్డంగా ఉండే ఇనప దూలానికి, బోల్టు చేశాం. ఛాసీకి కొత్త రంధ్రం వెయ్యాల్సొస్తే నిలువు గోడలో వెయ్యాలి గానీ పైఅంచు, కిందంచుల్లో వెయ్యకూడదు, బరువు మోసేది ఆ అంచులే. వెల్డింగ్ ముందు బ్యాటరీ వైరు తీసెయ్యమని మీరే గుర్తు చెయ్యండి. లోపం ఎండ. మే నెలలో మన బెజవాడ ఎండకి రబ్బరు పక్కలు బీటలిస్తాయి, పాత పరదా గుడ్డ కుట్టించి తొడిగాం.

ఇప్పుడు స్టెప్నీ అక్కర్లేదట కదా అని ఒకాయన అడిగాడు. 2020లో వచ్చిన ఆ సడలింపు 3.5 టన్నుల లోపు ప్యాసింజర్ బళ్ళకి, అదీ ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే చెప్పే సిస్టం, రిపేర్ కిట్టు అన్నీ ఉంటేనే. మనది ట్యూబు టైరు పికప్ అండి బాబూ. అన్నట్టు ఈ స్టెప్నీ అనే మాట వేల్స్‌లో లనెల్లీ అనే ఊళ్ళో స్టెప్నీ స్ట్రీట్ నుంచి వచ్చింది, 1904లో అక్కడ విడి చక్రాలు చేసి అమ్మేవాళ్ళు, అప్పటి కార్లకి స్పేర్ వచ్చేది కాదు.

నా తీర్పు అడిగితే, బండి ఇంకా లోడు తోలుతుంటే నాన్నదే రైటు, ఛాసీ కిందే పెట్టండి, చైను చూసుకోండి. నాలాగా ఆదివారం బండి అయితే క్యాబిన్ వెనకే. పక్కన పెట్టడం రోడ్డు వెడల్పున్న ఊళ్ళకి. ఏది చేయించినా మొదటి వారంలో నట్లు మళ్ళీ ఒకసారి బిగించండి, మాది మంగళగిరి వెళ్ళొచ్చేసరికే అర చుట్టు తిరిగింది.