కర్నూలు రోడ్ల మీద రికంబెంట్ ట్రైక్: ఇద్దరం కలిసి తొక్కాక చెబుతున్న మాట

నాకు సైకిల్ రాదు. చిన్నప్పుడు మా ఇంట్లో ఆడపిల్లలకు నేర్పలేదు, పెళ్ళయ్యాక నేర్చుకునే తీరిక దొరకలేదు. మా ఆయన ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా చేసినన్నాళ్ళూ డ్యూటీకి సైకిల్ మీదే వెళ్ళారు. రిటైరయ్యాక కూడా తెల్లవారుజామున ఒక్కరే కేసీ (కర్నూలు-కడప) కాలువ గట్టు మీద తొక్కుకుని వచ్చేవారు. ఇప్పుడు ఇద్దరం కలిసి వెళ్తున్నాం. రికంబెంట్ ట్రైక్ వల్లే అది కుదిరింది. మన వైపు ఈ బండిని చూసినవాళ్ళు చాలా తక్కువ. అందుకే ఒక కంపెనీ మోడల్ గురించి కాకుండా, ఈ రకం బండి మన రోడ్ల మీద, మన ఎండలో, భార్యాభర్తలిద్దరికీ ఎలా ఉంటుందో రాస్తున్నాను.

రికంబెంట్ అంటే వెనక్కి వాలి కూర్చుని, కాళ్ళు ముందుకు చాపి తొక్కే బండి. ముందుకు పొడుచుకొచ్చిన గొట్టం చివర, మనకు ఎదురుగా పెడల్స్ ఉంటాయి. రెండు చక్రాలవీ ఉన్నాయి, మూడు చక్రాలవీ ఉన్నాయి. మూడు చక్రాలవాటినే ట్రైక్ అంటారు. వాటిలో ముందు రెండు, వెనక ఒకటి ఉంటే టాడ్‌పోల్ అంటారు. ముందు ఒకటి, వెనక రెండు ఉంటే డెల్టా. మా రెండూ టాడ్‌పోల్‌లే. హ్యాండిళ్ళు సీటుకు రెండు పక్కలా ఉంటాయి, చేతులు కిందికి వదిలేస్తే ఎక్కడికి వస్తాయో అక్కడే. సీటు గట్టి వల గుడ్డతో బిగించి ఉంటుంది. పడక్కుర్చీలో కూర్చుని ఊరు చూస్తున్నట్టే ఉంటుంది. పిర్రలు నొప్పి పుట్టవు, అరచేతులు తిమ్మిరెక్కవు, మెడ పైకెత్తి చూడాల్సిన పని లేదు.

ఇంత సుఖమైన బండి అంగళ్ళలో ఎందుకు కనపడదు? నేను స్కూల్లో సోషల్ చెప్పేదాన్ని, కారణం తెలుసుకోకుండా ఊరుకోలేకపోయాను. 1933లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే ఫ్రెంచి సైక్లిస్టు, షార్ల్ మోషే తయారుచేసిన రికంబెంట్ మీద పారిస్‌లో ఒక్క గంటలో 45 కిలోమీటర్లు దాటి తొక్కి అంతకు ముందున్న రికార్డును బద్దలు కొట్టాడు. మరుసటి ఏడాది, 1934లో, అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐ సైకిల్ ఎలా ఉండాలో కొత్తగా నిర్వచించి ఇలాంటి బండ్లను పోటీలకు బయట పెట్టేసింది. పందేల్లో కనపడని బండిని పెద్ద కంపెనీలూ పక్కన పెట్టాయి. నాకు ఇది ఇప్పటికీ పెద్ద అన్యాయంగానే తోస్తుంది. పందేల సంగతి పందేలవాళ్ళు చూసుకుంటారు, కానీ సరదాకి తొక్కుకునే మాలాంటి వాళ్ళకు కూడా ఆ బండి అందకుండా పోయింది.

ఇప్పుడు వీటిని చేసేవి ఎక్కువగా చిన్న కంపెనీలే. ఇంగ్లండ్‌లో ఐస్, అమెరికాలో క్యాట్రైక్, టెర్రాట్రైక్, జర్మనీలో హెచ్‌పీ వెలోటెక్నిక్, ఆస్ట్రేలియాలో పుట్టిన గ్రీన్‌స్పీడ్ పేరున్నవి. అక్కడే ధర వెయ్యి డాలర్లు దాటి మొదలవుతుంది, మంచివైతే దానికి కొన్ని రెట్లు. ఇక్కడికి తెప్పించుకుంటే రవాణా, కస్టమ్స్ సుంకం అదనం. మావి కొత్తవి కావు. విదేశంలో ఉన్నప్పుడు వాడుకుని బెంగళూరుకు వెంట తెచ్చుకున్న ఒకాయన దగ్గర కొన్నాం. విడదీసి లారీ ట్రాన్స్‌పోర్టులో వేయిస్తే, మా ఆయన వరండాలో పాత దుప్పటి పరిచి ఒక్కొక్కటే బిగించారు.

బెంగళూరు ఆయన దగ్గరే రెండు చక్రాల రికంబెంట్ కూడా ఉండేది. మా ఆయన దాన్ని కొన్నాళ్ళు తెచ్చుకుని తొక్కారు, నేను ట్రైక్ మీద. అప్పుడే ఈ రెండింటి తేడా మాకు బాగా తెలిసింది. తారురోడ్డు మీద ఆ రెండు చక్రాల బండి గాలికి ఎదురైనా తేలిగ్గా దూసుకుపోతుంది. సమస్యల్లా మెల్లగా పోవాల్సి వచ్చినప్పుడే. నేను ఎత్తు ఎక్కుతూ నడక వేగంతో తొక్కుతుంటే, ఆ వేగంలో ఆయన బండి అటూ ఇటూ ఊగిపోయేది. మామూలు సైకిల్ మీదైతే లేచి నిలబడి, ఒళ్ళు అటూ ఇటూ వంచి సర్దుకుంటాం. ఇందులో వీపు సీటుకు ఆనుకుని ఉంటుంది, ఆ వీలు తక్కువ. దాంతో ఆయన ముందు వెళ్ళి చెట్టు కింద ఆగడం, నేను చేరేసరికి ఆయన మళ్ళీ బయల్దేరడం. కలిసి వెళ్ళామని పేరే కానీ మాటామంతీ ఉండేది కాదు. ఆగి బయల్దేరేటప్పుడు కూడా కష్టమే: ఒక కాలు పైకెత్తి పెడల్ మీద పెట్టి ఒక్క తోపుతో బ్యాలెన్స్ పట్టుకోవాలి. బర్రెలు అడ్డొచ్చే గట్టు మీద అది టెన్షన్. ఖాళీ తారురోడ్డు మీద ఒంటరిగా దూరాలు తొక్కేవాళ్ళకు ఆ బండి మంచిదే. భార్యాభర్తలు కలిసి తిరగడానికైతే నేను ట్రైకే తీసుకోమంటాను. ఆ బండి తిరిగిచ్చేసి, ఆయన కూడా ట్రైకే కొన్నారు.

ట్రైక్‌కు ఇంత వేగం తగ్గకూడదనే హద్దు లేదు. ఈ సుఖం జగన్నాథగట్టు ఎక్కినప్పుడు నాకు పూర్తిగా తెలిసింది. శ్రీశైలం ప్రాజెక్టు ముంపు నుంచి తరలించి కట్టిన సంగమేశ్వరాలయం ఉన్న గట్టు అది. ఎత్తు పెరిగేకొద్దీ గేరు తగ్గించుకుంటూ, చీమ నడకతో అయినా, ఎక్కేశాను. ఆయాసం వచ్చినచోట బ్రేకు లివర్ నొక్కి లాక్ చేస్తే బండి అక్కడే ఆగుతుంది. దిగే పని లేదు, కాలు నేలకు పెట్టే పని లేదు. కూర్చునే మంచినీళ్ళు తాగి, ఊపిరి తీసుకుని, లాక్ తీసి మళ్ళీ తొక్కొచ్చు. మా ఆయన నా వెనకే అదే వేగంతో వచ్చారు, దారంతా మాట్లాడుతూనే ఉన్నారు. ఒక్క ముఖ్యమైన సంగతి: సీట్లోంచి లేచి బరువంతా పెడల్ మీద వేయడం కుదరదు కాబట్టి తక్కువ గేర్లు చాలినన్ని ఉండాలి. గేర్లు లేని ట్రైక్ చవగ్గా వస్తుందన్నా తీసుకోవద్దు.

దిగేటప్పుడు మాత్రం జాగ్రత్త. మూడు చక్రాలు ఉన్నాయి కదా పడదులే అనుకోకూడదు. వంపులో వేగంగా తిప్పితే లోపలివైపు చక్రం నేలనుంచి లేస్తుంది. వంపు ఎటువైపు ఉంటే ఒంటిని అటు వాల్చాలి, వంపు రాకముందే వేగం తగ్గించాలి. మా బండ్లలో ఒక్కో చేతి బ్రేకు ఒక్కో ముందు చక్రాన్ని పడుతుంది. రెండూ సమంగా నొక్కితే నేరుగా ఆగుతుంది, ఒకటే గట్టిగా నొక్కితే ఆ పక్కకు లాగుతుంది.

మేం ఎక్కువగా వెళ్ళేది కేసీ కాలువ గట్టు మీదికే. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్ళు అందుకుని కర్నూలు ఊళ్ళోంచి, వినాయక ఘాట్ మీదుగా కడప దాకా పోయే ఈ కాలువను 1863లో తవ్వడం మొదలుపెట్టారు. అప్పట్లో సాగుకే కాదు, పడవలకూ పనికొచ్చేలా తవ్వారు. నీళ్ళు వదిలిన కాలంలో గట్టు మీద వెళ్తుంటే ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క వరి, ఉల్లి మళ్ళు. కళ్ళు నేలకు దగ్గరగా ఉండటంతో కొంగలు, నీటికోళ్ళు మనతో సమానంగా కనపడతాయి. గట్టు ఇరుగ్గా ఉన్నచోట పక్కపక్కన పోలేం. నేను ముందు, ఆయన వెనక. వేగం నాది. రెండు పక్కలా అద్దాలు తప్పనిసరి, వాలి కూర్చున్నప్పుడు వెనక్కి తిరిగి చూడటం దాదాపు కుదరదు.

గట్టు మీద అసలు శత్రువులు పల్లేరుకాయలు, సర్కారు తుమ్మ ముళ్ళు. మామూలు సైకిల్ ఒకే గీత మీద పోతుంది, గుంతనూ ముల్లునూ తప్పించొచ్చు. ట్రైక్‌వి మూడు గీతలు, ఏదో ఒక చక్రం వాటి మీదికి పోనే పోతుంది. టైర్ల లోపల పంక్చర్ కాకుండా ఆపే పట్టీలు వేయించుకున్నాక బాధ తగ్గింది. పంక్చర్ అయినా ముందు చక్రాలతో పెద్ద చిక్కు లేదు. అవి ఒకవైపు మాత్రమే ఇరుసుకు తగిలించి ఉంటాయి, చక్రం ఊడదీయకుండానే ట్యూబు బయటికి తీయొచ్చు. మా ఆయనకు ఈ బండిలో అన్నిటికన్నా నచ్చినది ఇదే. ఎవరు వచ్చినా ముందు దీన్నే చూపిస్తారు. చక్రాలు 20 అంగుళాలవి. టైరు మీద 406 అనే అంకె ఉంటే, పిల్లల సైకిళ్ళకు వాడే లావు టైరు, ట్యూబు ఊళ్ళోనే దొరుకుతాయి. వేరే కొలతైతే ప్రతిసారీ బయటినుంచి తెప్పించుకోవాలి.

చైను మామూలు సైకిల్ చైన్లు రెండున్నర, మూడు కలిపినంత పొడుగు ఉంటుంది. చాలా భాగం ప్లాస్టిక్ గొట్టాల్లోంచి పోతుంది కానీ, మన దుమ్ముకు తరచుగా తుడవాలి. నల్లరేగడి తడిసిన రోజు గట్టు వైపు వెళ్ళనే వద్దు. బురద చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య ఇరుక్కుని బండిని కదలనివ్వదు.

ఇక భద్రత. దీని గురించి గట్టిగా చెప్పాలి. బండి ఎత్తు తక్కువ, కాబట్టి లారీ, బస్సు డ్రైవర్లకు కనపడేలా పొడుగాటి కర్ర మీద జెండా, వెనక మెరిసే లైటు ఉండాల్సిందే. మా ఆయన జీవితమంతా బస్సులతో గడిపిన మనిషి. స్టీరింగ్ ముందు కూర్చున్నవాడికి దగ్గర్లో కిందున్నది ఎంత కనపడుతుందో ఆయనకు బాగా తెలుసు. అందుకే నంద్యాల హైవే మీద మేం తొక్కం. ఓర్వకల్లు రాతి వనాలకో, కాల్వబుగ్గకో పోవాలంటే రెండు బండ్లనూ ట్రాలీ ఆటోలో వేసుకుని వెళ్ళి, అక్కడి పల్లెదారుల్లో తొక్కుతాం. కాల్వబుగ్గ కోనేట్లో ఊట నీళ్ళతో ముఖం కడుక్కుని, కట్టుకెళ్ళిన ఉగ్గాని, బజ్జీలు తిని తిరిగి రావడం మాకు పండగ.

పాదం పెడల్ మీద నుంచి జారి నేలను తాకితే, బండి ముందుకు పోతూ ఆ కాలిని ముందు చక్రాల మధ్య ఉండే అడ్డగొట్టం కిందికి లాగేసుకుంటుంది. కాలు విరిగేంత ప్రమాదం ఇది. చెప్పులతో ఎప్పుడూ తొక్కకూడదు. బూట్లు వేసుకుని, మడమను పట్టి ఉంచే పట్టీలున్న పెడల్స్ బిగించుకోవాలి. ఆడవాళ్ళకు ఇంకో మాట. చక్రాలు మోచేతుల పక్కనే తిరుగుతుంటాయి. చీర, చున్నీ రెండూ వద్దు. నేను పొట్టి కుర్తా, ప్యాంటు వేసుకుంటాను. మొదట్లో వీధిలోవాళ్ళు వింతగా చూశారు, ఇప్పుడు అలవాటైంది.

కుక్కల ముఖం మన ముఖానికి సమానంగా వస్తుంది, అదొక భయం. తరిమితే వేగం పెంచొద్దు. ఆగి గట్టిగా మాట్లాడితే చాలావరకు వెనక్కి తగ్గుతాయి. ఎత్తైన స్పీడ్ బ్రేకర్ల దగ్గర నేరుగా, చాలా మెల్లగా దాటాలి. ఏటవాలుగా పోతే బండి మెలితిరుగుతుంది. ఎండ నేరుగా ముఖం మీద పడుతుంది కాబట్టి అంచున్న టోపీ, చలువ కళ్ళద్దాలు కావాలి. మార్చి దాటాక పొద్దున ఏడున్నరలోపు ఇల్లు చేరేలా చూసుకుంటాం. వల సీటు వల్ల వీపుకు గాలి తగులుతుంది, అదొక్కటే ఎండాకాలంలో ఊరట.

ఊళ్ళలో జనం ముందు జాలిగా చూస్తారు. "కాళ్ళకేమైందమ్మా?" అని అడిగినవాళ్ళు చాలామంది. "ఏమీ కాలేదన్నా, తొక్కుకోడానికే" అంటే నమ్మరు. ఒకసారి ఉల్లి మడి దగ్గర ఓ పెద్దాయన కూర్చుని చూస్తానన్నాడు. కూర్చోబెట్టి పదడుగులు తొక్కించాం. "కూచుంటే లేయబుద్ధి కాలేదు సామీ" అన్నాడు. నాకు ఆ మాట చాలా సంతోషమిచ్చింది. సైకిల్ రాని మనిషికీ, మోకాళ్ళు పట్టేసిన మనిషికీ, బ్యాలెన్స్ తప్పే మనిషికీ తొక్కే హక్కు ఉందని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

అయితే లేవడమే కష్టం. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కొనేముందు ఇది తప్పక చూసుకోవాలి. సీటు నేలకు అడుగు ఎత్తులోనే ఉండే మోడళ్ళు చాలా ఉన్నాయి. వాటిలోంచి లేవాలంటే నాకు ఇప్పటికీ మా ఆయన చెయ్యి కావాలి. బ్రేకులు లాక్ చేయకుండా లేస్తే బండి వెనక్కి జారుతుంది. యాభై దాటినవాళ్ళు కుర్చీ ఎత్తుకు దగ్గరగా సీటుండే మోడల్ వెతుక్కోండి, వేగం కాస్త తగ్గినా పర్వాలేదు. కాళ్ళ పొడుగుకు తగ్గట్టు పెడల్స్ గొట్టాన్ని ముందుకీ వెనక్కీ జరుపుకోవచ్చు. పొట్టివాళ్ళకు సరిపోయేంత వెనక్కి వస్తుందో లేదో కూర్చునే చూడాలి. మొదట కొన్ని వారాలు తొడలు, పిక్కలు కొత్తగా నొప్పి పెడతాయి. సైకిల్ అలవాటున్న మా ఆయనకు కూడా తప్పలేదు.

బండి వెడల్పు సుమారు 80 సెంటీమీటర్లు, పొడుగు ఆరడుగుల దాకా ఉంటుంది. పాతబస్తీ సందుల్లో ఉండేవాళ్ళు ముందు గేటు కొలుచుకోండి. గుమ్మంలోంచి పట్టకపోతే పక్కకు వాల్చి ఇద్దరు పట్టుకుని లోపలికి తేవాలి. మేం అలాగే తెస్తాం. లేదంటే మడిచే మోడల్ చూసుకోవాలి, కొంచెం ధర ఎక్కువైనా ఆటోలో వేసుకోవడానికి కూడా అదే సులువు.