కాజీపేట నుంచి మంచిర్యాలకు ప్యాసింజర్‌లో

హోలీ వెళ్లిన వారానికి కాజీపేటలో పొద్దున ప్యాసింజర్ ఎక్కి మంచిర్యాల పోయొచ్చాను. ఈ దారిలో ఎక్స్‌ప్రెస్‌లో ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. కానీ అది ఆగని స్టేషన్లలోనే ఇంత అందం ఉందని ఇప్పుడే తెలిసింది.

టికెట్ అప్పటికప్పుడు కౌంటర్లో తీసుకుంటే చాలు. ఎడమవైపు కిటికీ పట్టండి. బండి ఉత్తరానికి పోతుంది కాబట్టి పొద్దుటి ఎండంతా కుడివైపు వాళ్ల మొహాన కొడుతుంది. జమ్మికుంట దాకా రద్దీ, పత్తి మార్కెట్ ఊరు కదా, అక్కడ సగం పెట్టె ఖాళీ అయింది.

బిసుగిర్ షరీఫ్‌లో బండిని పక్క లైనుకు తీసి ఆపారు. 1929లో కాజీపేట–బల్హార్షా లైను పూర్తయినప్పటి నుంచి ఢిల్లీ, చెన్నై బండ్లకు ఇదే రాజమార్గం. వాటికి దారివ్వడం ప్యాసింజర్‌కు మామూలే. చప్పుడంతా అణగిపోయింది. పట్టాల పక్కన ఒక మోదుగు చెట్టు, ఆకు ఒక్కటి లేదు, కొమ్మకొమ్మకూ నిప్పురంగు పూలు. గోరింకలు వాలినప్పుడల్లా పువ్వు ఊడి కంకర మీద పడుతుంటే ఆ చిన్న చప్పుడు కూడా వినిపించింది. ఇరవై నిమిషాలు ఎట్లా పోయాయో తెలియలేదు.

మానేరులో ఇసుకే ఎక్కువ, మధ్యలో సన్నని పాయ. పొత్కపల్లిలో ఒక అవ్వ చింతచిగురు గంప మీద తడిగుడ్డ కప్పుకొని ఎక్కింది. "ఎక్కడి దాక బిడ్డా?" అంటూనే ఈనెలు ఏరి పక్కన పెడుతోంది. రెండు సోలలు కొన్నాను.

ఓదెల మల్లన్న దర్శనానికి దిగాలనుకుంటే తిరుగు బండి టైం ముందే చూసుకోండి. రామగుండం ఎన్‌టీపీసీ పొగగొట్టాలు కనిపించాయంటే మంచిర్యాల దగ్గరపడినట్టే. గోదావరి వంతెన మీద మాత్రం తలుపు దగ్గరికి పోకండి, కిటికీలోంచే హాయిగా చూడొచ్చు.

రాత్రి ఉండాలని స్టేషన్ దగ్గర లాడ్జి తీసుకున్నాను. 600 రూపాయలకు నల్లాలో సన్నని ధార, పంపు మోత. నిద్ర లేదు. దానికన్నా సాయంత్రం బండికే తిరిగి రావడం మేలు. భోజనం మాత్రం వీధిలోని చిన్న మెస్సులో బాగుంది, పచ్చిపులుసు మళ్లీ అడిగి వేయించుకున్నాను.

పోవాలనుకుంటే ఉగాదిలోపే పోండి. ఆ తర్వాత మోదుగు రాలిపోతుంది, మధ్యాహ్నం పెట్టె పెనంలా కాలుతుంది.