తిరుపతిలో స్టార్లు చూసి లాడ్జి తీసుకున్నా, గూగుల్ రివ్యూలకి నా రేటింగ్ 5కి 3

ముందే చెప్తున్నా, ఇది లాడ్జి రివ్యూ కాదు, దాని పేరు కూడా రాయను. ఊరుకాని ఊళ్ళో గదికీ తిండికీ గూగుల్ మ్యాప్స్ రివ్యూలని నమ్ముకుంటే ఎంతవరకు పనికొచ్చిందో దాని గురించి.

మాది ఖమ్మం. అమ్మ, మా బావ, నేను ముగ్గురం పోయాం. 300 రూపాయల దర్శనం టికెట్లైతే దొరికాయి గానీ కొండ మీద గది దొరకలేదు, కింద స్టేషన్ ఎదురుగా విష్ణునివాసం, బస్టాండ్ దగ్గర శ్రీనివాసం ఆన్‌లైన్‌లో చూస్తే అవీ ఖాళీ లేవు. ఇంక ప్రైవేట్ లాడ్జే గతి అని రైల్లో కూర్చుని ఫోన్ తీశా. 4.6 స్టార్లు, 1,800 పైన రివ్యూలు, లిఫ్ట్ ఉందన్నారు, వేడినీళ్ళు ఉన్నాయన్నారు, అమ్మకి మోకాళ్ళ నొప్పులు కాబట్టి లిఫ్ట్ అన్న మాట కనపడగానే ఇంకేం చదవకుండా బుక్ చేసేశా.

తీరా వెళ్తే లిఫ్ట్‌కి అడ్డంగా ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఆ కుర్చీలో ఉతకాల్సిన దుప్పట్ల మూట. "రిపేరు సార్, రేపొస్తాడు." మా గది మూడో ఫ్లోరు. అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కేవాళ్ళని చూసినప్పుడల్లా నాకా భాగ్యం లేదే అని అమ్మ బాధపడేది, పాపం ఆ రోజు మెట్టుకో గోవింద చెప్పుకుంటూ ఆ ముచ్చట ఇక్కడ తీర్చుకుంది.

గదిలో టవల్ మీద వేరే లాడ్జి పేరు ఉంది. సరే ఎక్కడో కలిసిపోయిందిలే అనుకున్నా, దిండు గలీబు మీదా అదే, రసీదు పుస్తకం మీద కూడా పాత పేరు కొట్టేసి కొత్తది రబ్బరు స్టాంపు వేశారు. సాయంత్రం ఆటో అతన్ని అడిగితే నవ్వి, "చేతులు మారి ఆర్నెల్లు కూడా కాలేదన్నా, మీరు చూసిండేదంతా పాతాయన ఉన్నప్పటిది" అన్నాడు. గూగుల్‌లో బోర్డు పేరు మారినా పాత రివ్యూలు అక్కడే ఉండిపోవచ్చు, అంటే నేను నమ్మిన 1,800లో ఎక్కువ భాగం వేరే ఓనరు సంపాదించుకున్న మంచిపేరన్నమాట. కొత్త రివ్యూలు ముందొచ్చేలా న్యూయెస్ట్ అని ఒక్క నొక్కు నొక్కి ఉంటే మొదటి పదిలోనే రెండు చోట్ల లిఫ్ట్ గొడవ కనపడేది. సెర్చ్ గుర్తు నొక్కి లిఫ్ట్ అని కొట్టినా బయటపడేది. నాదే తప్పు, ఒప్పుకుంటున్నా.

ఆ రాత్రి నిద్రపట్టక రివ్యూలన్నీ తీరిగ్గా చదివా, అప్పుడు అర్థమైంది తిరుపతి రివ్యూల సంగతే వేరు. "దర్శనం చాలా బాగా జరిగింది, ఓం నమో వేంకటేశాయ" అని రాసి 5 స్టార్లు. ఎవరికి? లాడ్జికి! స్వామికి వేయాల్సిన స్టార్లు లాడ్జి ఖాతాలో పడిపోతున్నాయి. ఇంకొకాయన క్యూలో చాలా గంటలు నిలబడ్డాం అని 1 స్టార్ ఇచ్చాడు, దానికి లాడ్జి వాడేం చేస్తాడు చెప్పండి.

పొద్దున గది ఖాళీ చేసేటప్పుడు కౌంటర్లో కుర్రాడు క్యూఆర్ కార్డు ముందుకు తోసి, 5 స్టార్లు కొడితే ఒక గంట ఎక్స్‌ట్రా ఉండొచ్చు సార్ అన్నాడు. ఇలా ఏదైనా ఇచ్చి రివ్యూ రాయించుకోవడం గూగుల్ రూల్స్‌కే విరుద్ధం. మన ప్రభుత్వం కూడా 2022 నవంబర్‌లో ఆన్‌లైన్ రివ్యూల మీద ఐఎస్ 19000 అని ఒక ప్రమాణం తెచ్చింది గానీ అప్పట్లో అది స్వచ్ఛందం అన్నారు, అంటే పాటిస్తే పాటించొచ్చు లేకపోతే లేదు. మా బావ ఆ గంట కోసం ఊగిసలాడాడు, అమ్మ ఒక్క చూపు చూసింది, అంతే.

గూగుల్ రివ్యూలకి 3 స్టార్లు ఎందుకిచ్చానంటే తిండి దగ్గర అవే పనికొచ్చాయి. గోవిందరాజస్వామి గుడి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక మెస్ ఉంది, 3.7. ఈసారి తక్కువ స్టార్లవి ముందు చదివా. ఏసీ లేదు, పార్కింగ్ లేదు, బల్ల పంచుకోవాలి, రోటీలు లేవు, ఇవీ కంప్లెయింట్లు. తిండి బాలేదని ఒక్కడూ అనలేదు! వెళ్ళాం. రాగి సంగటి ముద్ద పొగలు కక్కుతూ ఆకులో పడింది, నడుమ గుంట చేసి అందులో నెయ్యి, పక్కన ఊరిబిండి (వేరుశెనగల పచ్చడి), పప్పు. వడ్డించే పెద్దాయన అమ్మని చూసి "నమలొద్దమ్మా, చిన్నగా తుంచి మింగల్ల" అని నేర్పించాడు. ఖమ్మంలో జొన్నరొట్టె తినే అమ్మ రెండో ముద్ద అడిగింది.

ఇంటికొచ్చాక లాడ్జికి 2 స్టార్లు ఇచ్చి కుర్చీ అడ్డం పెట్టిన లిఫ్ట్ ఫోటో పెట్టా. గంటలో ఓనర్ జవాబు వచ్చింది: "మీ అమూల్యమైన ప్రశంసకు ధన్యవాదాలు, కుటుంబ సమేతంగా మళ్ళీ దయచేయండి."