భూమి అమ్మిన సొమ్ముతో విదేశీ నివాసం: అమెరికా ఈబీ-5 మేలా, దుబాయ్ గోల్డెన్ వీసా మేలా?

అనంతపురం దగ్గర చీనీ తోటో, కర్నూలు శివార్లలో పొలమో అమ్మి ఏడెనిమిది కోట్లు చేతికొచ్చిన ఇళ్లలో రెండు పేర్లే ఎక్కువగా వినబడుతున్నాయి: పెట్టుబడి పెడితే గ్రీన్‌కార్డు ఇచ్చే అమెరికా ఈబీ-5 వీసా, ఆస్తి కొంటే వచ్చే దుబాయ్ గోల్డెన్ వీసా. బ్రిటన్ 2022లో, ఆస్ట్రేలియా 2024లో తమ ఇన్వెస్టర్ వీసాలకు తలుపులు మూసేశాయి.

దుబాయ్ లెక్క తేలిక. 20 లక్షల దిర్హాముల ఆస్తి, అంటే సుమారు 5.45 లక్షల డాలర్లది, కొంటే పదేళ్ల వీసా వస్తుంది. ఇల్లు మీ పేరునే ఉంటుంది, అద్దె వస్తుంది, జీతం మీద ఆదాయపు పన్ను లేదు. కానీ అది శాశ్వత నివాసం కాదు. ఇల్లు అమ్మితే వీసాకు ఆధారం పోతుంది.

ఈబీ-5కు గ్రామీణ లేదా నిరుద్యోగం ఎక్కువున్న ప్రాంతపు ప్రాజెక్టులో 8 లక్షల డాలర్లు, మిగతా చోట్ల 10.5 లక్షలు పెట్టాలి. ఇలాంటి పెట్టుబడులను సమీకరించే సంస్థ, అంటే రీజినల్ సెంటర్, తీసుకునే ఫీజు అదనం. పది ఉద్యోగాలు పుట్టినట్టు చూపాలి. మొదట వచ్చేది రెండేళ్ల షరతుల గ్రీన్‌కార్డు. అది ముగిసే ముందు 90 రోజుల్లో షరతులు తీసేయమని మళ్లీ దరఖాస్తు పెట్టాలి. పెట్టుబడికి నష్టభయం ఉండాలన్నది చట్టమే పెట్టిన షరతు. ‘అసలు గ్యారంటీగా తిరిగిస్తాం’ అని రాసిచ్చే ఏజెంటు మీ దరఖాస్తుకే ఎసరు పెడుతున్నాడు. గ్రీన్‌కార్డు వచ్చాక కడపలో వచ్చే అద్దె కూడా అమెరికా పన్ను లెక్కలో చూపాలి.

అసలు చిక్కు డబ్బు ఎక్కడిదని చూపడంలో ఉంది. ఎకరా కోటికి అమ్మి రిజిస్ట్రేషన్ 30 లక్షలకు చేస్తే, మిగతా 70 లక్షలు ఈబీ-5కు పనికిరావు. పాసుపుస్తకం, 1బీ (భూమి హక్కుల రికార్డు), ఈసీ (భూమిపై జరిగిన లావాదేవీల ధ్రువపత్రం), భాగపరిష్కార పత్రం, సేల్ డీడ్, బ్యాంకు స్టేట్‌మెంటు ఒకదానికొకటి అతకాలి. అనంతపురం, కర్నూలు, కడప నగరాల పొలిమేర నుంచి నేరుగా 6 కిలోమీటర్లలోపు ఉన్న పొలానికి మూలధన లాభంపై పన్ను పడుతుంది. ఆ దూరం దాటిన సాగు భూమికి మామూలుగా పడదు. రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22-ఏ జాబితాలో ఉన్న సర్వే నంబరైతే రిజిస్ట్రేషన్ దగ్గరే ఆగిపోతారు.

తర్వాతి గండం డబ్బు పంపడం. విదేశాలకు సొమ్ము పంపే రిజర్వు బ్యాంకు పథకంలో మనిషికి ఆర్థిక సంవత్సరానికి 2.5 లక్షల డాలర్లే పరిమితి. ఇలా పెట్టుబడికి పంపేందుకు బ్యాంకు అప్పు ఇవ్వకూడదు. దుబాయ్ ఇంటికి భార్యాభర్తలు, పెద్ద పిల్లలు కలిసి పంపాలంటే అందరూ ఆస్తిలో సహయజమానులు కావాలి. ఈబీ-5కు వాడుకలో ఉన్న దారి వేరు: అమెరికాలో చదువుతున్న కొడుకో కూతురో దరఖాస్తుదారు, అమ్మానాన్నలు బహుమతిగా పంపుతారు. ఇద్దరూ మార్చిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి పంపితే 10 లక్షల డాలర్లు చేరతాయి. గ్రామీణ ప్రాజెక్టు కోటాలో వీసాలు అందుబాటులో ఉంటే ఆ విద్యార్థి గ్రీన్‌కార్డు దరఖాస్తు కూడా వెంటనే వేసి, హెచ్-1బీ లాటరీతో పని లేకుండా వర్క్ పర్మిట్ అడగవచ్చు.

చాలామంది మర్చిపోయేది టీసీఎస్, అంటే సొమ్ము పంపేటప్పుడే బ్యాంకు ముందుగా వసూలు చేసే పన్ను. ఏటా మనిషికి 10 లక్షల రూపాయలు దాటితే 20 శాతం. డాలరు 90 రూపాయలు వేసుకుంటే 8 లక్షల డాలర్లు పంపడానికి ఈ పద్ధతిలో మరో 1.36 కోట్లు చేతిలో ఉండాలి. రిటర్న్ వేస్తే తిరిగొస్తుంది గానీ నెలలు పడుతుంది.

‘గ్రెనడా (కరీబియన్ దేశం) పాస్‌పోర్టు కొనుక్కుని, ఈ-2 అనే వ్యాపార పెట్టుబడి వీసాతో అమెరికా’ అనే మాట వింటే లేచి రండి. 2022 చివర్లో వచ్చిన చట్టం ప్రకారం అలా పౌరసత్వం కొన్నవాళ్లు ముందు మూడేళ్లు అక్కడ స్థిరనివాసం ఉండాలి, పైగా భారత పౌరసత్వం పోతుంది.

పిల్లలు అమెరికాలోనే ఉండి, సొమ్మంతా రిజిస్ట్రేషన్‌లో కనబడుతుంటే మా ఓటు గ్రామీణ ఈబీ-5కే. తెల్ల డబ్బు ఐదారు కోట్లకు మించకపోతే, వ్యాపారం ఇక్కడే నడవాలంటే, దుబాయ్ చాలు. ఈబీ-5 కనీస మొత్తం 2027 జనవరి 1 నుంచి పెరిగేలా చట్టంలోనే ఉంది. అలాగని ఆ తేదీ కోసం చీనీ తోటను అయినకాడికి అమ్ముకోవద్దు. ధర పెరిగేది కొంత శాతమే, తొందరలో భూమి మీద పోయేది అంతకంటే ఎక్కువ కావచ్చు.