కోర్టుపేట లాయరు గారి దగ్గర పరువు నష్టం నోటీసు: నా అనుభవం

ఒడిశా బరంపురంలో మనకి తెలుగులో విడమరిచి చెప్పే లాయరు కోసం వెతుకుతున్నవాళ్ళు ఇది చదవండి. లాయర్లు ప్రచారం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం ఉందట, అందుకే పేరు రాయట్లేదు. కోర్టుపేటలో మేడ మీద గది, సాయంత్రం ఆరు తర్వాతే దొరుకుతారు.

మేం ఇంట్లో అప్పడాలు చేసి కొట్లకి వేస్తాం. మా వీధి వాట్సాప్ గ్రూపులో ఒకావిడ "వీళ్ళ అప్పడాలు ఉప్పు కషాయం, పురుగు పట్టిన మినప్పిండి కలుపుతారు" అని పెట్టింది. వారం తిరక్కుండా రెండు కిరాణా కొట్లు సరుకు వద్దన్నాయి, టెన్షన్‌తో అమ్మకి నిద్ర లేదు. పోలీసులే కేసు పెడతారనుకున్నాను, కానీ ఈ నేరానికి బాధితులే మేజిస్ట్రేటు దగ్గర ఫిర్యాదు చేయాలట.

లాయరు గారు ఆ మెసేజ్ ప్రింటు తీయించి, పెన్సిల్‌తో "ఉప్పు కషాయం" కొట్టేశారు. "ఇది ఆవిడ నాలుకకి తోచింది అమ్మా, దీని మీద నోటీసు నిలబడదు" అన్నారు. "పురుగు పట్టిన" దగ్గర మాత్రం రెండుసార్లు గీత గీశారు. అది నిజమో అబద్ధమో తేల్చగలిగే మాట, పైగా నలుగురిలో అన్నది, మన పేరు పోయేది. "మరి నిజంగా పిండి బాగుందా?" అని నన్నే గట్టిగా అడిగారు, అదీ నాకు నచ్చింది. ఎందుకంటే నష్టపరిహారం అడిగే సివిల్ దావాలో ఆవిడ మాట నిజమని రుజువైతే చాలు, ఆవిడ బయటపడుతుంది; క్రిమినల్ కేసులో అయితే అది ప్రజల మేలు కోసం అన్నట్టు కూడా చూపించాలి.

పరువు నష్టం నేరానికి 1860 నాటి ఐపీసీ (పాత శిక్షాస్మృతి)లో ఉన్న 499, 500 సెక్షన్లు 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్ అయ్యాయి. రెండేళ్ళ వరకు జైలు, జరిమానా, లేదంటే సమాజ సేవ. నోటితో అన్నా రాసినా అందులో తేడా లేదు. 2016లో సుప్రీంకోర్టు ఈ నేరం రాజ్యాంగబద్ధమే అంది, ఇంగ్లండు మాత్రం 2009లో చట్టం చేసి ఎత్తేసింది. మాట అన్నందుకు జైలేమిటి, నష్టపరిహారం చాలు కదా అని నాకూ అనిపిస్తుంది. దావాకి ఏడాదే గడువు, ఆలస్యం చేయకండి.

కేసు వద్దని, ముందు నోటీసే పంపారు. తొమ్మిదో రోజున ఆవిడ అదే గ్రూపులో తప్పు ఒప్పుకుని రాసింది.

గంటన్నర కూర్చోబెట్టారు, మెట్లు నిటారుగా ఉన్నాయి, అమ్మ ఎక్కలేకపోయింది. ఒక కొట్టు మళ్ళీ సరుకు అడిగింది, రెండోది ఇంకా లేదు.