జువాలజీ ల్యాబుకు దక్షిణ అమెరికా సీతాకోకచిలుకల డబ్బా: కొనే ముందు

అద్దం మూత డబ్బాలో మూడు పురుగులు: ఒక నీలి మార్ఫో, రెండు హెలికోనియస్‌లు. పాలమూరు కాలేజీ ల్యాబు గోడకు బాగానే ఉంటుంది, కానీ పాఠం చెప్పడానికి సగమే పనికొస్తుంది.

మార్ఫో అసలుదే. రెక్క అంచున ఒక్క చుక్క ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పడితే నీలం కాస్తా ఆకుపచ్చగా మారి, ఆరగానే మళ్లీ నీలమైతది. ఆ రంగు పొలుసుల నిర్మాణం వల్ల వచ్చేది. అద్దకమైతే ఇట్ల మారదు.

చిక్కంతా హెలికోనియస్‌లతోనే. రెండింటికీ 'మెల్పొమెని' అనే జాతి పేరుతోనే లేబులు అతికించారు. పైనుంచి రెండూ ఒకే అచ్చు: నల్ల రెక్క, ఎర్ర పట్టీ, పసుపు గీత. తేడా వెనక రెక్క అడుగున ఉంటుంది. పసుపు గీత అంచుదాకా పోతే ఎరాటో అనే మరో జాతి, ముందే గుండ్రంగా ఆగితే మెల్పొమెని. రెక్క ఒంటికి అతికే చోట ఎర్ర చుక్కలను 10 రెట్ల లెన్సుతో లెక్కపెట్టాలి: ఎరాటోకు 4, మెల్పొమెనికి 3. ఇందులో ఒకటి ఎరాటో. కానీ డబ్బా అడుగు అట్టతో మూసేశారు, విప్పితే గానీ తెలియలేదు!

లేబులు మీద పట్టిన ఊరు, తేదీ లేవు. ఈ జాతుల రెక్కల అచ్చు ప్రాంతాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఉపజాతి తేల్చడం కష్టం. ఒక జాతి మరో జాతిలా కనబడే అనుకరణ పాఠానికైతే మన కరివేపాకు చెట్టు మీద పెరిగే కామన్ మార్మన్ సీతాకోకచిలుక ఆడదే నయం, దాని రూపాల్లో ఒకటి క్రిమ్సన్ రోజ్ అనే విషపు సీతాకోకచిలుకను అచ్చం దింపుతుంది.

పురుగు కింద గోధుమరంగు పొడి రాలితే ఎండు పురుగులను తినే మ్యూజియం బీటిల్ పట్టినట్టే. డబ్బాను పాలిథిన్‌లో గట్టిగా చుట్టి రెండు వారాలు డీప్ ఫ్రీజర్‌లో పెట్టాలి. బయటికి తీశాక చల్లదనం పోయేదాకా కవరు విప్పొద్దు, తేమ చేరి బూజు పడుతుంది.