ఇనుప షెడ్డు వేయిస్తున్నారా? బ్రేసింగ్ బోల్టులు చూడకుండా ఆఖరి బిల్లు ఇవ్వకండి

తణుకు దగ్గర మా రైస్ మిల్లుకు ఈ మధ్యే ఇనుప షెడ్డు వేయించాం. వేసిన కంపెనీ పేరు రాయను. ఇలాంటి షెడ్డుకు బయానా ఇవ్వబోతున్నవారు మాత్రం ఇది చదవండి.

మిల్లు ఆడటం మొదలైన కొన్నాళ్లకే పక్క గోడలోంచి టకటకమని చప్పుడు. జల్లెడ ఆపితే అదీ ఆగేది. నిచ్చెన వేసి ఎక్కి చూస్తే, రెండు స్తంభాల మధ్య ఏటవాలుగా బిగించిన బ్రేసింగ్ యాంగిల్ చేత్తో తోస్తే కదులుతోంది. నట్టు వేళ్లకే తిరిగింది. పక్కదానికి అసలు నట్టే లేదు, ఊక దుమ్ము పట్టిన బోల్టు ఒక్కటే రంధ్రంలో వేలాడుతోంది.

కంపెనీ మనిషిని పిలిస్తే, ‘బరువు మోసేది స్తంభాలండీ, బ్రేసింగ్‌దేముంది’ అన్నాడు. ఎంత ధీమా! కప్పు బరువు సంగతి సరే, పక్క నుంచి తోసే గాలిని పునాదికి దింపేది ఆ ఏటవాలు యాంగిళ్లే కదా. కట్టడాల మీద గాలి ఒత్తిడి లెక్కకు మన దేశ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం. అది విజయవాడకు, విశాఖకు చెప్పే ప్రాథమిక గాలి వేగం (లెక్క మొదలుపెట్టే వేగం) సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానును చూసిన కోస్తావాళ్లకు ఇంకా వివరించనక్కర్లేదు.

గట్టిగా బిగించిన బోల్టు కొద్దిగా సాగుతుంది. ఆ లాగుడే రెండు ప్లేట్లనూ అదిమి పట్టి ఉంచుతుంది. చేతి బిగువుతో వదిలేస్తే యంత్రాల అదురుకు ప్లేట్లు అటూ ఇటూ జారుతాయి, జారిన కొద్దీ నట్టు వెనక్కి తిరుగుతుంది. అడ్డంగా వచ్చే అదురే బోల్టుకు పెద్ద శత్రువని యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు 1969లోనే ప్రయోగాలు చేసి చూపించాడు. పైగా మా ప్లేట్ల మధ్య రంగు మందంగా పట్టించారు. అది నలిగినా బిగువు తగ్గుతుంది. ‘స్ప్రింగ్ వాషర్ వేశాం, ఊడదు’ అంటే నమ్మకండి. ఈ రకం అదురు ముందు అది నిలవదు.

బోల్టు తల మీద 8.8 అని (అది బోల్టు బలాన్ని చెప్పే తరగతి గుర్తు) అచ్చు ఉందో లేదో చూడండి. మా వాటి మీద ఏ గుర్తూ లేదు. ఏ తరగతి బోల్టులు వాడాలో ఆర్డరు కాగితంలోనే రాయించండి, వాటిని ఐఎస్ 4000 (గట్టి బోల్టుల వాడకానికి మన దేశ ప్రమాణం) ప్రకారం బిగించాలని కూడా రాయించండి. బిగించాక బోల్టు, నట్టు, ప్లేటు మూడింటినీ కలుపుతూ రంగుతో గీత గీయించండి. గీత విరిగితే నట్టు తిరిగినట్టే, కింద నుంచే కనిపిస్తుంది. యంత్రాలు కొన్ని వారాలు నడిచి, మళ్లీ తనిఖీ అయ్యేదాకా కొంత సొమ్ము ఆపి ఉంచండి. మా గ్యారంటీ కాగితంలో రంగు ఉంది, రేకుల కారుడు ఉంది, బోల్టుల ఊసే లేదు. ఇప్పుడు బిగించడానికి వేరే డబ్బు అడుగుతున్నారు.

ఇప్పటికే బోల్టులు వదులైనవారు వాటన్నిటినీ ఒకేసారి విప్పించకండి. గాలి లేని రోజు చూసుకుని, ఒకటి మార్చి బిగించాకే రెండోదాన్ని ముట్టుకోనివ్వండి.